ఎగువ పిడికిలి, దిగువ పిడికిలి

జిల్లాలో సగంమంది ఆమెను కొలతలమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు అడిగినవాళ్ళు తక్కువ, అడిగి గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఇంకా తక్కువ. ఇరవై రెండేళ్ళు బట్టలు కుట్టిన మనిషి. ఎవరైనా గుమ్మంలో నిలబడగానే మెడ ఎంత, ఛాతీ ఎంత, ఏ భుజం కిందికి జారింది, అన్నీ టేపు తీయకముందే ఆమె కంటికి తెలిసిపోయేవి. పొట్ట పెరిగి వచ్చినవాళ్ళతో "గుడ్డ కాస్త ముడుచుకుపోయినట్టుందండీ, అంగుళం వదులు పెడతాను" అని, తప్పు గుడ్డ మీదికి నెట్టి వాళ్ళ పరువు కాపాడేది. వీధికి రెండేసి రెడీమేడ్ దుకాణాలు వచ్చాక చినిగినవీ బిగుతైనవీ తప్ప ఆమె బల్ల మీదికి కొత్త గుడ్డ రావడం మానేసింది. నలభై తొమ్మిదో ఏట కుట్టుమిషను మీద దుప్పటి కప్పి, ఆరోగ్య సర్వే కార్యాలయంలో కొలతలు తీసే ఉద్యోగానికి అర్జీ పెట్టుకుంది.

"ఈ పనిలో మీకు అనుభవం ఏముందమ్మా?" అని అడిగాడు అక్కడి పెద్దసారు.

"మనుషుల్ని ముట్టుకుని, వాళ్ళకి సిగ్గు పుట్టకుండా కొలవడం వచ్చండి" అంది.

ఉద్యోగం వచ్చింది.

అరవై దాటినవాళ్ళున్న ఇళ్ళకు వెళ్ళి వాళ్ళ ఒంట్లో సత్తువ ఎంతుందో కొలవడం ఆమె పని. భుజాన ఒక సంచి. అందులో గడియారం ముఖం లాంటి పలక ఉన్న ఇనుప పిడి ఒకటి. దాన్ని గుప్పిట పట్టి నొక్కితే ముల్లు కదిలి, ఆ పిడికిలి బలం ఎన్ని కిలోలో చెబుతుంది. దానితోపాటు సుద్దముక్క, నాలుగు మీటర్ల తాడు, స్టాప్‌వాచ్, ఫారాల కట్ట. ముసలివాళ్ళు పిడిని మూడుసార్లు నొక్కాలి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేచి కూర్చోవాలి, నేలమీద గీసిన రెండు గీతల మధ్య మామూలుగా నడవాలి. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. కానీ "ఒకసారి లేవండి" అన్నప్పుడు లేవలేకపోయిన మనిషి ముఖంలోకి చూడటం ఆట కాదు. కొలతలమ్మ అలాంటప్పుడు ముఖంలోకి చూసేది కాదు. వంగి, చెరగని సుద్దగీతనే మళ్ళీ దిద్దుతూ వాళ్ళు సర్దుకునేదాకా కాలయాపన చేసేది.

ఆమె ఇంట్లోనూ ఇద్దరు పెద్దవాళ్ళున్నారు. అత్తగారిది జిల్లాకు ఎగువన, కొండల వైపు. తల్లిది దిగువన, ఏటి వంపులో ఇటుక బట్టీలుండే పల్లపు ప్రాంతం. ఆరేళ్ళ క్రితం తల్లి కూతురింటికి వచ్చేసిన దగ్గర్నుంచి వియ్యపురాళ్ళిద్దరిదీ ఒకే గది. అత్తగారికి డెబ్బై ఎనిమిది. తడిబట్టల బుట్ట చంకనేసుకుని మేడమెట్లు తనే ఎక్కుతుంది. తల్లికి అరవై తొమ్మిది. గడప దాటడానికి తలుపురెక్క పట్టుకుంటుంది.

"వదినా, నీకంటే తొమ్మిదేళ్ళు పెద్దదాన్ని. నిన్ను చూస్తే నువ్వే నాకు పెత్తల్లిలా ఉన్నావు" అని అత్తగారు వేళాకోళమాడేది.

"మీది కొండగాలి వదినా. మాది బురదనేల. అక్కడ పుట్టినవాళ్ళకి కాళ్ళు తొందరగా అరిగిపోతాయి" అనేది తల్లి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ.

ఆ మాట ఆమె ఒక్కతే అనేది కాదు. ఎగువవాళ్ళు తమ గాలి మంచిదనేవారు, నీళ్ళు మంచివనేవారు. దిగువవాళ్ళు నుదుటి మీద గీత చూపించేవారు. రెండు ప్రాంతాలకూ మధ్య దూరం ముప్ఫై కిలోమీటర్లు.

సర్వే మొదలైంది. ఎగువన మొదటి వారంలోనే ఒక తోటమాలి భార్య, డెబ్బై నాలుగేళ్ళావిడ, పిడిని నొక్కితే ముల్లు ఇరవై రెండు దాటింది. "ఇంకాస్త నొక్కమంటావా? మీ ఆఫీసు సామాను విరిగితే నన్నడక్కూడదు మరి" అందావిడ. మగవాళ్ళు ముప్ఫై, ముప్ఫై మూడు. మూడు వారాల తర్వాత కొలతలమ్మ దిగువకు దిగింది. అక్కడ మొదటి ఇల్లు ఒక తాపీమేస్త్రిది. అరవై ఆరేళ్ళు. ఆ వీధిలో సగం గోడలు ఆయన కట్టినవే. పిడి అందుకుని, పళ్ళెం ఎత్తినంత తేలిగ్గా అయిపోతుందనుకున్నట్టు చిరునవ్వు నవ్వి, నొక్కాడు. పదిహేను. రెండోసారి పద్నాలుగు. మూడోసారీ పద్నాలుగే. మేస్త్రి నవ్వు మాని తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"యంత్రం బిగుసుకుపోయినట్టుందండీ" అంది కొలతలమ్మ.

"కాదులే అమ్మా" అన్నాడాయన. "ఈమధ్య డబ్బా మూత కూడా మా ఆవిడే తీస్తోంది."

వరసగా అరవై ఇళ్ళు. అరవై అయిదేళ్ళవాళ్ళకు ఎగువన ఎనభై ఏళ్ళవాళ్ళ పాటి బలం లేదు. కుర్చీలోంచి లేవమంటే మూడోసారికే ఆగిపోయేవాళ్ళు. ఫారాలు కార్యాలయానికి చేరిన వారానికి పెద్దసారు ఆమెను పిలిపించాడు. ఆయన చెడ్డవాడు కాదు. అంకెలు పొందికగా ఉండాలనుకునే మనిషి, అంతే. బల్లమీద రెండు కట్టలు పక్కపక్కన పెట్టి ఉన్నాయి.

"ఏంటమ్మా ఈ కాకిలెక్కలు? ఒకే జిల్లా, ఒకే ఎండ, ఒకే వాన. ముప్ఫై కిలోమీటర్లకే మనుషులు పదిహేనేళ్ళు ముసలైపోతారా?"

"నేను కొలిచిందే రాశాను సార్."

"అయితే యంత్రం పాడై ఉండాలి. లేదా..." అని ఆగాడు. ఆ 'లేదా' వెనక ఏముందో ఆమెకు తెలుసు. ఇంట్లో కూర్చుని అంకెలు వేశావా అని.

"ఇంకో యంత్రం ఇప్పించండి సార్. అదే ఇళ్ళకి మళ్ళీ వెళ్తాను. మీకు వీలైతే మీరూ రండి" అంది. ఆయనకు వీలు కాలేదు. కొత్త పిడి ఇచ్చాడు. ఆమె పాతదీ కొత్తదీ రెండూ సంచిలో వేసుకుని ఇరవై ఇళ్ళు మళ్ళీ తిరిగింది. ఒక కిలో అటూ ఇటూ తప్ప ముల్లు మాట మార్చలేదు.

"సరేలే. ఎగువా దిగువా కలిపి చూస్తే జిల్లా సగటు బాగానే ఉంది. అలాగే పంపేద్దాం" అన్నాడు పెద్దసారు.

"ఆరడుగులవాడివీ నాలుగడుగులవాడివీ కొలతలు కలిపి సగానికి చొక్కా కుడితే అది ఇద్దరికీ పట్టదు సార్" అంది ఆమె. ఆయన నవ్వాడు గానీ కట్టలు మాత్రం విడదీయలేదు.

ఆ మర్నాడు ఆమె మళ్ళీ మేస్త్రి ఇంటికే వెళ్ళి ఇంకోసారి కొలిచింది. పని అయ్యాక ఆయన భార్య ఆపిల్ పండు కోసి ఆమె ముందు పెట్టింది. మేస్త్రికి మాత్రం ముక్కలు పెట్టలేదు. సగం పండు అరచేతిలో పట్టుకుని, చెంచాతో గీకి గీకి, ఆ గుజ్జును గిన్నెలో వేసి ఇచ్చింది.

"అదేంటి పిన్నిగారూ, చంటిపిల్లలకి పెట్టినట్టు?"

"పళ్ళుంటే కదమ్మా" అన్నాడు మేస్త్రి. "ముప్ఫై ఏళ్ళప్పుడు ఒకటి సలిపింది. సంతలో పటకారు పట్టుకుని కూర్చునేవాడొకడు ఉండేవాడు. పీకేశాడు. తర్వాత పక్కది. మాకిక్కడ పంటినొప్పికి మందంటే పటకారే. యాభై వచ్చేసరికి నోరు ఖాళీ." ఆయన ఏ సంకోచమూ లేకుండా నోరు తెరిచి చూపించాడు. పైన రెండు, కింద మూడు. "పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు చూడు. మాకు రాయి కూడా అక్కర్లేకపోయింది."

"మరి రోజూ ఏం తింటారు?"

"జావ. మెత్తగా ఉడికిన అన్నం. రొట్టె అయితే టీలో నానబెట్టుకుంటాను. పప్పూ కూరా ముద్ద చేసి మింగుతాను. నమిలే పని లేని తిండి ఏదైనా సరే."

కొలతలమ్మ చేతిలో ఆపిల్ ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆ మాట వింటున్నప్పుడు ఆమె కళ్ళముందు మేస్త్రి లేడు. తల్లి ఉంది. తన ఇంట్లో, తన వంటగదిలో, ఆరేళ్ళుగా గిన్నెలో రొట్టె నానబెట్టుకుని తింటున్న తల్లి. "నాకిలా తినడమే ఇష్టం తల్లీ" అంటే నిజమే కాబోలు అనుకుంది. నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే, పాతకాలపు మర్యాద అనుకుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు జిల్లా అంతా తిరిగిన మనిషి సొంత తల్లి కంచంలోకి చూడలేదు.

ఇంటికి వెళ్ళగానే చెప్పులైనా విప్పకుండా తల్లి ఎదుట కూర్చుంది.

"అమ్మా, నోరు తెరువు."

"ఇదేం పిచ్చే?"

"తెరువమ్మా."

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తల తిప్పుకుంది. పక్కమంచం మీద బట్టలు మడతపెడుతున్న అత్తగారు చేతిలో పని ఆపేసింది. కాసేపటికి తల్లి చెయ్యి తీసి, నోరు కొద్దిగా తెరిచి, వెంటనే మూసేసింది. నాలుగు పళ్ళు.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే ఏం చేస్తావు? ఉన్న ఖర్చులు చాలవా. వయసొచ్చాక ఊడతాయి, అందరికీ ఊడేవేగా" అంది తల్లి.

"అందరికీ ఏం ఊడలేదు" అంది అత్తగారు నెమ్మదిగా. ఆ రోజు ఆవిడ గొంతులో వేళాకోళం లేదు. "నాకు ఇరవై రెండున్నాయి వదినా. మా ఊళ్ళో క్వారీవాళ్ళు ఆసుపత్రి పెట్టినప్పుడు పళ్ళ డాక్టరుకి ఒక కుర్చీ వేయించారు. క్వారీ మూతపడింది గానీ కుర్చీ పోలేదు, డాక్టరూ పోలేదు. పన్ను పుచ్చితే పూడ్చేవాళ్ళు. నొప్పి అనగానే పీకడం మాకు తెలీదు."

గాలీ నీళ్ళూ నుదుటిగీతా అని అందరూ అనుకునే దానికి మూలంలో ఒక కుర్చీ కూడా ఉందని కొలతలమ్మకు అప్పుడు తెలిసింది.

ఫారం అడుగున 'ఇతర వివరాలు' అని ఒక గడి ఉంటుంది. అందరూ దాన్ని ఖాళీగా వదిలేవారు. మర్నాటి నుంచి ఆమె ఆ గడిలో మూడు సంగతులు రాయడం మొదలుపెట్టింది. పళ్ళెన్ని. పోయినవి ఎలా పోయాయి. నిన్న మూడు పూటలా ఏం తిన్నారు. ఇదివరకు కొలిచిన ఇళ్ళకూ మళ్ళీ వెళ్ళింది, ఎగువకూ దిగువకూ. సెలవురోజుల్లో సొంత బస్సు టిక్కెట్టుతో తిరిగింది. చిన్న టార్చిలైటు కొనుక్కుంది. నోరు తెరవమంటే ముసలమ్మలు ఊరుకుంటారా? "ఎద్దుని కొనేవాడు చూసినట్టు చూస్తున్నావేమే" అని ఒకావిడ. "లెక్క పెడితే తిరిగొస్తాయా?" అని ఇంకొకాయన. ఆమె ముందు తన నోరు తెరిచి తన పళ్ళు లెక్కపెట్టించుకునేది. తనకే రెండు దవడపళ్ళు లేవు. అది చూశాక ఎవరైనా తెరిచేవారు.

ఐదు నెలల్లో మూడువందల నలభై నోళ్ళు చూసింది. పెద్దసారుకి ఆ గడి కంటబడింది.

"ఫారంలో అడగనిది ఎందుకు రాస్తున్నారమ్మా?"

"గడి అచ్చేశారు కదా సార్. రాయకూడనిదైతే అచ్చెయ్యడం దేనికి?"

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టుంది మీ వరస."

"నాలుగో కాలు చూడ్డానికి మీరొకసారి రండి సార్. ఒక్కపూట చాలు."

ఆయన ఎందుకు ఒప్పుకున్నాడో ఆయనకే తెలియాలి. బహుశా ఇక ఆమెతో వేగలేక కావచ్చు. దిగువన మేస్త్రి వరండాలో కుర్చీ వేశారు. చుట్టుపక్కల ఇళ్ళ పెద్దవాళ్ళు ఎనిమిది, తొమ్మిదిమంది వచ్చి గోడవారన కూర్చున్నారు. పెద్దసారు స్వయంగా పిడి అందించి, స్వయంగా ముల్లు చూసి, స్వయంగా రాసుకున్నాడు. పద్నాలుగు. పదకొండు. తొమ్మిది. ఆయన పెన్ను నెమ్మదించింది.

మేస్త్రి భార్య వేయించిన వేరుశనగలు పళ్ళెంలో పోసి తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు. కరకర చప్పుడైంది. అప్పుడు తలెత్తి చూశాడు. గోడవారన ఉన్నవాళ్ళంతా ఆయన దవడ వంకే చూస్తున్నారు. ఆ చూపుల్లో ఈర్ష్య లేదు. పాత చుట్టం ఎదురైతే చూసినట్టు చూస్తున్నారు.

"మీరూ తీసుకోండి" అన్నాడాయన.

ఎవరూ చెయ్యి చాపలేదు. మేస్త్రి నవ్వి, "వాసన బాగుంది సార్, మీరు కానివ్వండి" అన్నాడు.

పెద్దసారు నోట్లో ఉన్నది మింగడానికి చాలాసేపు పట్టింది. తిరుగుప్రయాణంలో బస్సు దిగాక, "రేపు ఆ రెండు కట్టలూ విడివిడిగా తీసుకురండమ్మా. గడిలో రాసినవి కూడా" అన్నాడు.

ఆ ఏటి నివేదికలో ఎగువకు ఒక పుట, దిగువకు ఒక పుట వచ్చాయి. దాన్ని పట్టుకుని ఆయనా కొలతలమ్మా ఎగువ ఆసుపత్రి పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ మొత్తం చదివి, "పళ్ళొక్కటే కారణమని నేననను. బట్టీల పొగ ఉంది, చేసిన చాకిరీ ఉంది. కానీ నమలలేనివాళ్ళకి సత్తువ ఎక్కణ్ణుంచి వస్తుంది?" అంది. ప్రతి గురువారం దిగువకు వస్తానని మాట ఇచ్చింది. మాట ఇచ్చినంత తేలిగ్గా కుర్చీ రాలేదు. పాత కుర్చీ ఒకటి సంపాదించడానికి పదకొండు నెలలు కాగితాలు తిరిగాయి. అందాకా డాక్టరమ్మ బడిలో ఒక గదిలో, మామూలు చెక్కకుర్చీలో కూర్చోబెట్టి, వెనకనుంచి కొలతలమ్మ వాళ్ళ తల పట్టుకుంటే పని చేసింది.

డాక్టరమ్మ చేయించిన కట్టుడుపళ్ళు రావడం ఒక ఎత్తు, వాటిని పెట్టుకోవడం ఒక ఎత్తు. నెల తిరక్కుండానే సగంమంది వాటిని గ్లాసులో వేసి అలమరలో పెట్టేశారు. గుచ్చుకుంటున్నాయన్నారు. మాట ముద్దగా వస్తోందన్నారు. ఒకాయన "నా నోట్లో ఇంకెవరో కాపురం ఉన్నట్టుంది" అన్నాడు. డాక్టరమ్మ విసిగిపోయింది. కొలతలమ్మకు మాత్రం ఇది పాత సంగతే.

"కొత్త చొక్కా మొదటిసారి చంకలో పట్టెయ్యదూ? చొక్కా పారేస్తామా? ఎక్కడ పట్టిందో చెబితే విప్పి కుడతాం. చెప్పండి, ఎక్కడ?"

ఇల్లిల్లూ తిరిగి అడిగేది. ఎడమవైపు కింద, చివర, ముద్ద మింగేటప్పుడు, అని కాగితం మీద దవడ బొమ్మ గీసి చుక్క పెట్టి గురువారం డాక్టరమ్మకు ఇచ్చేది. డాక్టరమ్మ ఆ చుక్క దగ్గర అరగదీసేది. కొందరికి మూడుసార్లు, కొందరికి ఏడుసార్లు. "నాకు చదువులో నేర్పనిది ఈవిడ దగ్గర నేర్చుకున్నాను" అని డాక్టరమ్మ తర్వాత చాలామందితో అంది.

పళ్ళు వస్తే సరిపోలేదు. ఏళ్ళ తరబడి జావ తాగినవాళ్ళకు ఏం నమలాలో మరుపొచ్చింది. కొలతలమ్మ వాళ్ళను కుర్చీలోంచి రోజూ ఐదుసార్లు లేచి కూర్చోమంది. పరీక్షగా కాదు, అలవాటుగా. మేస్త్రి వరండాలో పొద్దున్నే పదిమంది చేరి లేస్తూ కూర్చుంటూ ఉంటే దారినపోయేవాళ్ళు నవ్వేవారు. మేస్త్రి లెక్క పెట్టేవాడు, తప్పు లెక్క పెట్టి ఆరోసారి కూడా లేపేవాడు.

రెండేళ్ళకు మళ్ళీ కొలిచారు. మేస్త్రి పిడికిలి పద్నాలుగు నుంచి ఇరవై ఒకటికి వచ్చింది. ఎగువవాళ్ళతో సమానం కాలేదు. కానీ డబ్బా మూత తనే తీసుకుంటున్నాడు. అందరికీ అలా జరగలేదు. తొమ్మిది దగ్గర ఉన్న బట్టీ కూలీ ముసలాయన తొమ్మిది దగ్గరే ఉండిపోయాడు, ఆ చలికాలంలో పోయాడు. పదకొండు నొక్కినావిడ కట్టుడుపళ్ళు చివరికీ పెట్టుకోలేదు. కొలతలమ్మ ఆ రెండు ఫారాలూ విడిగా పెట్టుకుంది. ఆవిడ ఇంటికి వెళ్ళడం మాత్రం మానలేదు.

తల్లికీ కట్టుడుపళ్ళు వచ్చాయి గానీ బలం పెద్దగా పెరగలేదు. రెండు కిలోలు. తలుపురెక్క పట్టుకోవడం మాత్రం మానేసింది. పైగా ప్రతి గురువారం కూతురితో బస్సెక్కి దిగువకు వెళ్ళి, బడి వరండాలో జంకుతూ కూర్చున్నవాళ్ళ పక్కన చేరేది. "ఇదిగో చూడండి, ఇలా తీసి ఇలా పెట్టుకోవడమే" అని పళ్ళసెట్టు చేతిలోకి తీసి అందరికీ చూపించేది. ఇంటికొచ్చాక అత్తగారు, "వదినా, నీ పళ్ళు నా పళ్ళకన్నా తెల్లగా ఉన్నాయి, ఇదేం న్యాయం?" అని ఉడుక్కునేది.

ఆ మరుసటి ఏడాది కార్యాలయం అచ్చేసిన ఫారంలో పళ్ళ సంఖ్యకు ఒక వరస కొత్తగా చేరింది. కొలతలమ్మకు యాభై నాలుగు నడుస్తున్నాయి. పెద్దసారు ఆమెను మూడో ప్రాంతానికి పంపాడు. ఏరు సముద్రంలో కలిసేచోట, వలలు అల్లేవాళ్ళుండే వాడలు. మొదటి వారం ఫారాలు చూసి, గాలీ నీళ్ళూ అన్నవాళ్ళ మాటా, పళ్ళన్న తన మాటా రెండూ ఇక్కడ చాలవని ఆమె తేల్చుకుంది. అక్కడి పెద్దవాళ్ళకు పళ్ళు నిండుగా ఉన్నాయి. పిడికిళ్ళు ఉక్కు. కానీ నాలుగు మీటర్లు నడవడానికి ఎగువవాళ్ళకు పట్టేదానికి రెట్టింపు సమయం పట్టింది. గీత నుంచి గీతకు గోడ పట్టుకుని వచ్చేవారు.

కారణం ఆమెకు తెలియలేదు. తెలిసినట్టు రాయనూ లేదు. వలలు అల్లే ఒక ముసలమ్మ ఇంట్లో పిడీ సుద్దముక్కా సంచిలో వేసేసి, నేలమీద ఆవిడ ఎదుట చతికిలబడింది.

"పెద్దమ్మా, నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఎక్కడెక్కడ కూర్చున్నారు, ఎప్పుడెప్పుడు లేచారు, ఒక్కొక్కటే చెప్పండి."

"అదంతా చెప్పాలంటే పొద్దుగూకుతుందే" అంది ముసలమ్మ, చేతిలో దారం ఆపకుండానే.

"పరవాలేదండీ" అంది కొలతలమ్మ, ఫారం అడుగున ఉన్న ఖాళీ గడి మీద పెన్ను ఆనించి. "నాకు ఆఖరి బస్సు ఏడింటికి."